విడిభాగాలు ఇవ్వకపోతే పోనీ, కొలతలైనా ఇవ్వండి

మెకానికల్ వాచీల మూవ్‌మెంట్లు, అంటే లోపల నడిచే యంత్రాలు, తయారుచేసిన కంపెనీల యాజమాన్యాలకు, ఆ కంపెనీలు మూతపడ్డాక వాటి పేర్లనూ కాగితాలనూ కొనుక్కున్న గ్రూపులకు,

నమస్కారం.

నేను వాచ్‌మేకర్‌నని చెప్పుకునేంత వాణ్ణి కాను. పగలంతా వేరే ఉద్యోగం. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక కంటికి భూతద్దం తగిలించుకుని పాత వాచీలు విప్పుతాను, శుభ్రం చేస్తాను, నూనె వేసి మళ్ళీ బిగిస్తాను. చాలావాటిని నడిపించగలిగాను. కొన్నిటిని నా చేతులతో నేనే పాడుచేశాను, అదీ ఒప్పుకుంటాను. ఇదే పనితో ఇల్లు గడుపుకునే వాళ్ళు కొందరు నాకు బాగా తెలుసు. ఈ ఉత్తరంలో ఉన్న ఇబ్బంది నాకంటే వాళ్ళకే ఎక్కువ. వాళ్ళకు రాసే తీరిక లేదు, నాకుంది. అంతే తేడా.

ఉత్తరానికి కారణం ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. 1950ల నాటి వాచీ, రోజూ కీ ఇచ్చే రకం. తెలిసినాయన తెచ్చాడు. "చేతిలోంచి జారింది, అప్పట్నుంచీ ఊపితే రెండు సెకన్లు కొట్టుకుని ఆగిపోతోంది" అన్నాడు. వెనక మూత తీసేసరికి బ్యాలెన్స్ వీల్, అంటే అటూ ఇటూ ఊగుతూ వాచీ వేగాన్ని నిలిపే చక్రం, ఒక పక్కకి ఒరిగి కనిపించింది. అలా ఒరిగితే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు, స్టాఫ్ విరిగిందన్నమాట. బ్యాలెన్స్ వీల్‌కి ఇరుసు లాంటిది ఈ స్టాఫ్. దాని రెండు కొసల్నీ పివట్లంటాం. మిల్లీమీటరులో పదో వంతు మందం, ఒక్కోసారి అంతకూడా ఉండదు. ఆ రెండు కొసలూ ఎర్రరాళ్ళ బెజ్జాల్లో కూర్చుని తిరుగుతుంటాయి. దెబ్బ తట్టుకునే స్ప్రింగ్ ఏర్పాటు, అంటే ఇంకాబ్లాక్ లాంటిది, లేని వాచీ కింద పడిందంటే ముందు పోయేవి అవే.

ఈ వాచీలో పై పివట్ ఉంది, కింది పివట్ లేదు. కొత్త స్టాఫ్ దొరక్కపోతే లేత్ మీద చేసుకోవచ్చు, కష్టమే గానీ చేతిపని తెలిసినవాళ్ళు చేస్తారు. కానీ ఎంత కొలతకి చెయ్యాలి? మొత్తం పొడవెంత, చక్రం కూర్చునే చోట వ్యాసమెంత, రోలర్ బిగిసే చోట ఎంత, హెయిర్ స్ప్రింగ్ కాలెట్ పట్టుకునే చోట ఎంత, రెండు పివట్లూ ఎంతెంత? ఉన్న ముక్కని మైక్రోమీటర్‌తో కొలిస్తే సగం జవాబులు వస్తాయి. మిగతా సగం విరిగిపోయిన ముక్కతో పాటే పోయాయి. మాకు కావలసిన కొలత సరిగ్గా లేని ముక్కదే అవుతుంది, ఎప్పుడూ ఇంతే. రాయి బెజ్జాన్ని బట్టి పివట్ మందం అంచనా కట్టొచ్చు కదా అంటారు. నిజమే, నేనూ అదే చేశాను. కానీ ఈ వాచీని నాకన్నా ముందు కనీసం ముగ్గురు విప్పారు, వెనక మూత లోపలివైపు వాళ్ళు సూదితో గీసుకున్న గుర్తులున్నాయి. వాళ్ళలో ఎవరైనా రాయి మార్చి ఉంటే నా లెక్కంతా కాకిలెక్కే.

స్టాఫ్ కోసం మూడు వారాలు వెతికాను. ఒకచోట దొరికింది, తెప్పించాను. మూవ్‌మెంట్ నంబర్ సరిపోయింది, పొట్లం మీద భాగం పేరూ సరిపోయింది. తీరా పెట్టబోతే పట్టలేదు. అదే నంబర్‌తో రెండు రకాలు చేశారని అప్పుడు తెలిసింది, ఒకటి షాక్ ఏర్పాటు ఉన్నది, ఒకటి లేనిది. రెంటికీ స్టాఫ్ వేరు. నాకు వచ్చింది మొదటి రకానిది. ఆ తర్వాత "విడిభాగాల కోసం మాత్రమే" అని అమ్మకానికి పెట్టిన అవే మూవ్‌మెంట్లు మూడు కొన్నాను. మూడిట్లోనూ విరిగింది స్టాఫే. ఆలోచిస్తే నవ్వొచ్చింది, ఇంకేం విరుగుతుంది మరి? నా వాచీని ఆపిన దెబ్బే వాటినీ ఆపింది. అందుకేగా అవి ఆ కుప్పలో ఉన్నాయి.

చివరికి ఆ పేరు ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో కనుక్కుని ఉత్తరం రాశాను. ఎవరో ఇక్కడ చెప్పను, ఇది ఒక్కళ్ళ మీద ఫిర్యాదు కాదు. మర్యాదగానే జవాబిచ్చారు: ఆ మూవ్‌మెంట్‌కి విడిభాగాలు లేవు, సాంకేతిక పత్రాలు బయటివాళ్ళకి ఇవ్వరు, వాచీని మాకు పంపితే పరిశీలిస్తాం. పరిశీలించి ఏం చేస్తారని మళ్ళీ అడిగాను. మూవ్‌మెంట్ మొత్తం మార్చాల్సి రావచ్చట. వాచీ తెచ్చినాయనకి కావలసింది ఆ వాచీ, దాని కేసులో కూర్చునే ఇంకో యంత్రం కాదు.

అసలు కష్టం ఇంకా ముందే మొదలవుతుంది. భాగం సంగతి తర్వాత, లోపల ఉన్న మూవ్‌మెంట్ ఏదో తెలియడమే ఒక పరీక్ష. డయల్ మీద ఉన్న పేరుకీ లోపలి యంత్రానికీ సంబంధం ఉండాలని లేదు. ఇది మీకు తెలియనిది కాదు, ఈ ఉత్తరం చదివే మామూలు పాఠకుల కోసం చెబుతున్నాను. స్విట్జర్లాండ్‌లో చాలా కంపెనీలు మూవ్‌మెంట్లు సొంతంగా చేసేవి కావు. కొన్ని ఫ్యాక్టరీలు ముడి మూవ్‌మెంట్లు చేసి అమ్మేవి, వాటిని ఎబోష్‌లు అంటారు. తక్కిన కంపెనీలు వాటిని కొని, సానబట్టి, తమ పేరు చెక్కించుకుని వాచీలుగా అమ్మేవి. 1926లో ఎ. షిల్డ్, ఫాంటెన్‌మెలాన్, ఎ. మిషెల్ అనే మూడు ఫ్యాక్టరీలు కలిసి ఎబోష్ ఎస్.ఎ. అనే కూటమి కట్టాయి. తర్వాత్తర్వాత ఇటా, వీనస్, వాల్జూ, యూనిటాస్ లాంటివీ అందులో చేరాయి. కొనుక్కున్న కంపెనీలు కొన్ని వాటి మీద సొంత నంబర్లు కొట్టుకున్నాయి. పాత రోలెక్స్ డేటోనాలో 722 అని ఉన్న మూవ్‌మెంట్ పునాది వాల్జూ 72. తెలిసినవాడికి అది చిన్న విషయం. తెలియనివాడు 722కి భాగాల కోసం జన్మంతా వెతుకుతాడు.

మూవ్‌మెంట్ చేసిన ఫ్యాక్టరీ గుర్తు సాధారణంగా బ్యాలెన్స్ వీల్ కింద, అడుగు ప్లేటు మీద ఉంటుంది. చిన్న డాలు ఆకారంలో ఒక ముద్ర, పక్కన మూడు నాలుగు అంకెలు. చక్రం కదులుతుంటే కనపడదు. దీపం వాలుగా పెట్టి, వాచీని మెల్లగా తిప్పుతూ, చక్రం ఆకుల సందులోంచి చూడాలి. అది కనిపించిన క్షణం ఎంత సంతోషమో ఈ పని చేసినవాళ్ళకే తెలుసు. కనిపించకపోతే డయల్ తీసి మూవ్‌మెంట్ వ్యాసం కొలవాలి. దాన్ని లీన్‌లలోకి మార్చాలి, ఒక లీన్ అంటే సుమారు 2.256 మిల్లీమీటర్లు. పదిన్నర లీన్ అంటే 23.7 మిల్లీమీటర్లన్నమాట. ఆ సైజు మూవ్‌మెంట్లు వందల్లో ఉంటాయి. అప్పుడు పాత కేటలాగులు తీసి, కీ తిప్పే భాగాల బొమ్మలు ఒక్కొక్కటే పోల్చి చూడాలి. వాటిలో ముఖ్యమైనది సెట్టింగ్ లివర్ స్ప్రింగ్. ఒక్కో మూవ్‌మెంట్‌కి దాని ఆకారం ఒక్కో తీరుగా ఉంటుంది, మనిషికి వేలిముద్రలా. బాగానే ఉంది. కానీ పాత వాచీల్లో తరచుగా విరిగే ముక్కల్లో ఆ స్ప్రింగ్ ఒకటి! విరిగి ఎగిరిపోయిన స్ప్రింగ్ ఆకారాన్ని బట్టి మూవ్‌మెంట్ ఏదో కనుక్కోవాలి, మూవ్‌మెంట్ ఏదో తెలిస్తేగానీ ఆ స్ప్రింగ్ దొరకదు. పెళ్ళి కుదిరితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కుదరదన్న సామెత ఇలాంటి రాత్రుల్లోనే గుర్తొస్తుంది.

జపాన్ వాళ్ళ పద్ధతి గురించి ఇక్కడ ఒక మంచి మాట చెప్పాలి. పాత సీకో వాచీ వెనక మూత మీద 6139-6002 లాంటి సంఖ్య ఉంటుంది. మొదటి నాలుగంకెలే మూవ్‌మెంట్ నంబర్, మూత విప్పకుండానే తెలిసిపోతుంది. సీరియల్ నంబర్‌లో మొదటి అంకె ఏడాది చివరి అంకె, రెండోది నెల. అమెరికాలో ఎల్జిన్, వాల్తమ్ లాంటి పాత కంపెనీల మూవ్‌మెంట్ల మీద సీరియల్ నంబర్లున్నాయి, వాటి పట్టికలు బయట ఉన్నాయి కాబట్టి ఏ గ్రేడో, ఏ ఏడాదో ఎవరైనా చూసుకోవచ్చు. ఆ కంపెనీలు పోయి దశాబ్దాలైంది. వాచీలు మాత్రం ఇంకా రిపేరవుతున్నాయి. కంపెనీ బతికి ఉండి కాగితాలు బీరువాలో దాచిన మూవ్‌మెంట్ల కంటే, కంపెనీ చచ్చిపోయి కాగితాలు బయటపడ్డ మూవ్‌మెంట్లని బాగుచెయ్యడమే నాకు తేలికగా ఉంది. ఇందులో వ్యంగ్యం లేదు, నా అనుభవం చెబుతున్నాను.

మీ పెద్దలు ఇలా ఉండేవారు కాదు. స్విస్ విడిభాగాలకి వాళ్ళు ఇచ్చిన నంబర్ల పద్ధతి చూస్తే ఇప్పటికీ చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. వైండింగ్ స్టెమ్ 401. రాట్చెట్ వీల్ 415. సెట్టింగ్ లివర్ 443, దాని స్ప్రింగ్ 445. ఎస్కేప్ వీల్ 705, ప్యాలెట్ ఫోర్క్ 710. బ్యాలెన్స్ స్టాఫ్ 723. వాచీని నడిపే మెయిన్ స్ప్రింగ్ 770. దాదాపు ఏ ఫ్యాక్టరీదైనా ఇవే నంబర్లు. భాష రాకపోయినా పర్లేదు, మూవ్‌మెంట్ నంబర్ రాసి పక్కన 723 అని రాస్తే ఏ దేశంలో సరకు అమ్మేవాడైనా సరైన సొరుగు లాగేవాడు. ఇదంతా ఎందుకు చేశారు? ఎక్కడో ముక్కూ మొహం తెలియని మనిషి ఒక రోజు ఆ వాచీని విప్పుతాడని, అతనికి ముక్క కావాలని వాళ్ళకి ముందే తెలుసు కాబట్టి. ఫలానా భాగం ఇంకే మూవ్‌మెంట్లలో పడుతుందో కూడా పట్టికలు వేసి పంచిపెట్టారు. అప్పట్లో ఏ కంపెనీ కూడా దీనివల్ల తన రహస్యాలు బయటపడ్డాయని ఏడ్చినట్టు లేదు.

తర్వాత జరిగిందీ మనందరికీ తెలుసు. 1969 డిసెంబర్ 25న సీకో ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ వాచీ అమ్మకానికొచ్చింది. పదేళ్ళు తిరక్కుండానే మెకానికల్ ఫ్యాక్టరీలు వరసగా తలుపులు మూసుకున్నాయి. 1983లో రెండు పెద్ద స్విస్ కూటములు కలిసి ఒకటయ్యాయి, 1998 నుంచి దాని పేరు స్వాచ్ గ్రూపు. పాత ఎబోష్ ఫ్యాక్టరీల వారసత్వం చాలావరకు ఆ ఒక్క ఇంటికే చేరింది. ఆ గందరగోళంలో ఎన్ని యంత్రాలు తుక్కు కింద పోయాయో. ఒక్క మనిషి మాత్రం ఆ పని చెయ్యనన్నాడు. జెనిత్ అనే స్విస్ వాచీ కంపెనీలో పనిచేసే షార్ల్ వెర్మో. 1975లో ఎల్ ప్రిమెరో మూవ్‌మెంట్ ఆపెయ్యమని, పనిముట్లు వదిలించుకోమని పైనుంచి ఆదేశం వస్తే, ఆయన ఆ పనిముట్లనీ కాగితాలనీ ఫ్యాక్టరీ అటక మీద దాచి, ఏది ఎక్కడుందో రాసిపెట్టాడు. 1984లో మళ్ళీ తయారీ మొదలుపెట్టాలనుకున్నప్పుడు అవే అక్కరకొచ్చాయి. 1988లో రోలెక్స్ డేటోనాలో పడింది ఆ మూవ్‌మెంటే.

ఈ కథ వాచీల పరిశ్రమ అంతా గర్వంగా చెప్పుకుంటుంది. చెప్పుకోవాల్సిందే. కాకపోతే ఒక్క ప్రశ్న. వెర్మో దాచిన వాటిలో పనిముట్లు ఎంత ముఖ్యమో, వాటిని ఎలా వాడాలో రాసిన కాగితాలూ అంతే ముఖ్యం కదా? అటక మీద దాచినందుకు ఆయన్ని మెచ్చుకుంటున్నాం. ఇవాళ ఏ ఆదేశమూ లేకుండా, ఏ ప్రమాదమూ లేకుండా, మిగతా వందలాది మూవ్‌మెంట్ల కాగితాలు అదే అటక మీద ఎందుకుంచారు?

ఇంకో సంగతి. 2019లో ఒమేగా తన పాత 321 మూవ్‌మెంట్‌ని మళ్ళీ చేస్తున్నట్టు ప్రకటించింది. దాని తయారీ 1968లో ఆగింది. మళ్ళీ యథాతథంగా చెయ్యడానికి, 1972లో చంద్రుడి మీద యూజీన్ సెర్నన్ చేతికున్న వాచీనే తీసుకుని, టోమోగ్రఫీతో లోపలి భాగాలన్నీ చూశారు. అద్భుతమైన పని. ఆ వార్త చదివి నేనూ పిల్లాడిలా సంతోషపడ్డాను. కానీ తరవాత ఆలోచిస్తే ఒకటి తట్టింది. అంతటి కంపెనీకే తన పాత మూవ్‌మెంట్‌ని తిరిగి చెయ్యాలంటే అసలు వాచీని లోపలి దాకా స్కాన్ చెయ్యాల్సి వచ్చింది. మరి చేతిలో ఒక మైక్రోమీటరూ, విరిగిన ముక్కా తప్ప ఏమీ లేనివాడు ఏం చెయ్యాలి?

విడిభాగాల సరఫరా గురించి కొట్లాట పాతదే. యూరప్‌లో రిపేరు చేసేవాళ్ళ సంఘాల సమాఖ్య 2004లో యూరోపియన్ కమిషన్‌కి ఫిర్యాదు చేసింది. 2008లో కమిషన్ కొట్టేసింది. 2010లో కోర్టు ఆ నిర్ణయాన్ని రద్దు చేసింది. కమిషన్ మళ్ళీ విచారించి 2014లో మళ్ళీ మూసేసింది. 2017లో కోర్టు ఈసారి కమిషన్ వైపు నిలబడింది. పదమూడేళ్ళు. ఈలోగా 2015 చివరితో స్వాచ్ గ్రూపు టోకు వర్తకులకి విడిభాగాలు పంపడం ఆపేసింది. చట్టం మీ పక్షానుంటే ఉంది, ఆ వాదనలోకి నేను దిగను. కొత్త వాచీలకి భాగాలు ఎవరికి అమ్మాలో మీ ఇష్టం. నేనడుగుతున్నది వేరు. మీరు చెయ్యని, అమ్మని, ఇకపై చెయ్యబోని వాటి గురించి అడుగుతున్నాను.

మీ వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు నేనూ విన్నాను. కొలతలు బయటపెడితే నకిలీలు పెరుగుతాయంటారు. నకిలీలు చేసేవాడికి మీ కాగితాలు అక్కర్లేదండీ. వాడికి డబ్బుంది, యంత్రాలున్నాయి, మంచి వాచీ ఒకటి కొని విప్పి కొలుచుకుంటాడు. వాడి దగ్గర విరగని ముక్కలుంటాయి. లేనిది మా దగ్గరే. అయినా 1940ల్లో వేలకొద్దీ చేసి, ఏ పేరూ లేని డయళ్ళ కింద అమ్మిన పదిహేను రాళ్ళ మూవ్‌మెంట్‌కి నకిలీ ఎవడు చేస్తాడు?

అర్హత లేనివాళ్ళు విప్పి పాడుచేస్తారని ఇంకో మాట. ఇది కొట్టిపారెయ్యలేను. నేనే పాడుచేశానని మొదట్లోనే చెప్పాను కదా. కానీ సమాచారం లేకపోవడం వల్ల విప్పడం ఆగలేదు, తప్పుగా విప్పడం పెరిగింది, అంతే. ఒక్క ఉదాహరణ చెబుతాను. సర్వీసు చేశాక వాచీని, దాని టిక్కుల్ని విని కొలిచే టైమ్‌గ్రాఫర్ మీద పెట్టి చూస్తాం. బ్యాలెన్స్ వీల్ ఎన్ని డిగ్రీలు ఊగుతోందో అది చెప్పాలంటే ముందు మనం లిఫ్ట్ యాంగిల్, అంటే ఒక్కో ఊపులో ప్యాలెట్ ఫోర్క్‌తో తాకిడి ఉన్నంతసేపు ఆ చక్రం తిరిగే కోణం, చెప్పాలి. అది ఒక్కో మూవ్‌మెంట్‌కి ఒక్కోలా ఉంటుంది. ఇటా 2824-2కి 50 డిగ్రీలు, వాల్జూ 7750కి 49, యూనిటాస్ వంశం 6498కి 44. తెలియకపోతే అందరూ మెషీన్‌లో ముందే ఉండే 52నే వదిలేస్తారు. 6498 నిజంగా 230 డిగ్రీలే ఊగుతోందనుకోండి, 52 పెట్టి చూస్తే 272 చూపిస్తుంది. 272 అంటే భేషుగ్గా ఉన్నట్టు, 230 అంటే ఎక్కడో మురికి మిగిలిందో, మెయిన్ స్ప్రింగ్ అలిసిపోయిందో అని అనుమానించాలి. చేసినవాడు సంతోషంగా మూత బిగించి ఇచ్చేస్తాడు. ఆర్నెల్లకి వాచీ మళ్ళీ వస్తుంది. ఇక్కడ పోయింది ఏ భాగమూ కాదు, ఒకే ఒక్క అంకె. ఆ అంకె చెప్పడానికి మీకేం ఖర్చవుతుంది?

నూనెల సంగతీ ఇంతే. వేగంగా తిరిగే చిన్న పివట్లకి పల్చటి నూనె, బరువు మోసే చక్రాలకి చిక్కటిది, ప్యాలెట్ రాళ్ళకి వేరే, ఆటోమేటిక్ వాచీ బ్యారెల్ (మెయిన్ స్ప్రింగ్ ఉండే డబ్బా) గోడకి జారుడు తగ్గించే గ్రీజు. ప్యాలెట్ ఫోర్క్ పివట్లకి అసలు నూనె పెట్టకూడదు. ఇవి సాధారణ సూత్రాలు, నేర్చుకోవచ్చు. కానీ పాత అలారం వాచీలోనో, స్టాప్‌వాచ్ ఉన్న క్రోనోగ్రాఫ్‌లోనో ఏ లివర్ కింద చుక్క వెయ్యాలి, ఏ చక్రాన్ని పొడిగా వదలాలి అన్నది ఆ మూవ్‌మెంట్ గీసినవాడికే తెలుసు. ఆయన రాసి ఉంటాడు. ఆ కాగితం మీ దగ్గరే ఉంటుంది.

ఒక్కోసారి మీ పాత సర్వీసు పత్రాలు స్కాన్ చేసినవి దొరుకుతాయి. ఎవరో రిటైరైన పెద్దాయన దాచుకున్నవి, వాటికి ఇంకెవరో ఫోటో తీసినవి, ఆ ఫోటోకి మళ్ళీ ఫోటో తీసినవి. అంచులు నల్లగా ఉంటాయి, 3 అంకెకీ 8 అంకెకీ తేడా తెలియదు. మెయిన్ స్ప్రింగ్ మందం 0.13 అనుకుని తెప్పిస్తే అది 0.18 అయ్యిందంటే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

మాలో తప్పులు లేవని కాదు. పట్టని భాగాన్ని ఆకురాయితో అరగదీసి పట్టించేవాళ్ళు మాలోనే ఉన్నారు. పాతికేళ్ళ తర్వాత దాన్ని విప్పేవాడు అదే అసలు కొలత అనుకుని మోసపోతాడు. సొరుగుల నిండా పాత పొట్లాలు పెట్టుకుని, ఏముందో ఎవరికీ చెప్పని వాళ్ళూ ఉన్నారు. ఆ సొరుగుల యజమాని పోయాక ఇంట్లోవాళ్ళకి అవి ఏమిటో తెలియదు, ఎర్రపూసల్లా ఉన్న రాళ్ళనీ ఇనప తునకలనీ కలిపి గుత్తగా అమ్మేస్తారు. పొట్లం మీద రాసిన నంబర్ ఉన్నంతసేపే లోపలిది విడిభాగం. నంబర్ పోతే దుమ్ము. అలాంటి డబ్బా ఒకటి నా దగ్గరా ఉంది. గోరంత గాజు సీసాలో పదహారు స్టాఫ్‌లు, పైన కాగితం ఊడిపోయింది. ఒక్కొక్కటీ కొలిచి రాసుకున్నాను. కానీ ఆ కొలతలు ఏ మూవ్‌మెంట్‌వో చూసుకోవడానికి నా దగ్గర పట్టిక లేదు. బహుశా నా బల్ల మీదున్న వాచీకి కావలసిందీ అందులోనే ఉందేమో!

కాబట్టి అడిగేది సూటిగా అడుగుతాను. తయారీ ఆపి 30 ఏళ్ళు దాటిన మూవ్‌మెంట్లు తీసుకోండి. వాటి భాగాల కొలతలు, లిఫ్ట్ యాంగిల్, మెయిన్ స్ప్రింగ్ సైజు, నూనె వేసే పటం, ఏ భాగం ఇంకెందులో పడుతుందో చెప్పే పట్టిక, వీటిని ఎవరైనా చూసుకునేలా బయటపెట్టండి. పాత డ్రాయింగుల్ని ఉన్నవున్నట్టు శుభ్రంగా స్కాన్ చేసి పెట్టినా చాలు, అందంగా తీర్చిదిద్దక్కర్లేదు, మరకలున్నా ఫర్వాలేదు. వాటిలో తప్పుంటే బాధ్యత మీది కాదని పైన రాసుకోండి, మాకు అభ్యంతరం లేదు. మీకు మనుషులు చాలకపోతే ఆ కాగితాలు వాచీల పాఠశాలలకో మ్యూజియంలకో అప్పగించండి, ఆ పని ఉత్సాహంగా చేసే విద్యార్థులు దొరుకుతారు. విడిభాగాలు మళ్ళీ తయారుచెయ్యమని అడగట్లేదు. పాత స్టాకు పంచమనీ అడగట్లేదు. కొలత చేతిలో ఉంటే చేసేవాళ్ళు చేసుకుంటారు. లేత్‌లు చవకయ్యాయి, చిన్న గేర్లు కోసే యంత్రాలు ఇళ్ళలోకే వచ్చాయి.

ఒక్కటి మాత్రం అన్నిటికన్నా ముందు చెయ్యండి. మీ దగ్గర ఏముందో జాబితా చెప్పండి. ఏ ఫ్యాక్టరీ కాగితాలు మిగిలాయి, ఏవి కాలిపోయాయి, ఏవి తుక్కు కింద పోయాయి అన్నది తెలిస్తే చాలు. లేవని తెలిస్తే మేమే కూర్చుని, ఉన్న మంచి మూవ్‌మెంట్లు విప్పి, కొలిచి, రాసుకోవడం మొదలుపెడతాం. ఉన్నాయో లేవో తెలియకపోవడం వల్లే ఇన్నాళ్ళూ మీ జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం. ఈలోగా మంచి మూవ్‌మెంట్లు కూడా ఒక్కొక్కటే ఆ "విడిభాగాల కోసం మాత్రమే" కుప్పలో చేరిపోతున్నాయి. ఒక వాచీ బతకడానికి ఇంకో రెండు వాచీలు చచ్చే లెక్క ఎన్నాళ్ళు నడుస్తుంది?

నా బల్ల మీది వాచీ భాగాలన్నీ ఇప్పుడు మూత ఉన్న ప్లాస్టిక్ ట్రేలో గడి గడికీ సర్ది ఉన్నాయి. వాచీ తెచ్చినాయన నెలకోసారి ఫోన్ చేసి "తొందరేం లేదులే" అంటాడు, ఆ మాటే నాకు ఎక్కువ టెన్షన్. ట్రే మీద ఒక చీటీ అంటించాను. మూవ్‌మెంట్ నంబర్ రాసి, దాని పక్కన ఇలా రాశాను: 723, షాక్ లేని రకం, మొత్తం పొడవు ?, కింది పివట్ ?. ఆ మూవ్‌మెంట్ మీదేనేమో చూసుకోవాలని మీలో ఎవరికైనా అనిపిస్తే నంబర్ అడగండి, వెంటనే చెబుతాను. రెండు ప్రశ్న గుర్తులున్న చోట రెండు అంకెలు కావాలి.

ఇట్లు,
రాత్రిపూట వాచీలు విప్పే ఒక మనిషి